కోడి కాలికి పెద్ద దెబ్బ: కట్టు ఎక్కడ సరిపోతుంది, కోత ఎక్కడ తప్పదు

సంక్రాంతి గాలిపటాలు దిగిపోయిన పది రోజులకు హైదరాబాద్ డాబాల మీద ఒక రకం కుంటు మొదలవుతుంది. వాటర్ ట్యాంకు పక్కన నాలుగు నాటుకోళ్లు పెంచుకునే ఇంట్లో ఒక పెట్ట దాణా దగ్గరికి రాదు. చూస్తే ఒక కాలి వేలు ఉబ్బి, రంగు మారి ఉంటుంది. అమ్మమ్మ పసుపు పెట్టమంటుంది. వాచ్‌మన్ పుత్తూరు కట్టులాగా బద్దలు పెట్టి కట్టేద్దామంటాడు. మెడికల్ షాపు అబ్బాయి సగం మాత్ర చాలంటాడు. పక్కింటాయన "ఇంకెందుకండీ, ఆదివారం కానిచ్చేయండి" అంటాడు. ఎవరి మాటా గాల్లోంచి పుట్టింది కాదు. కాకపోతే అది మనిషి కాలితోనో మేక కాలితోనో వచ్చిన అనుభవం. కోడి కాలి నిర్మాణం వేరు. ఏ సలహా ఎక్కడి దాకా పనికొస్తుందో తెలియాలంటే ముందు ఆ కాలిని కాస్త దగ్గరగా చూడాలి.

మోకాలు అనుకునేది మోకాలు కాదు

కోడి కాలు మధ్యలో వెనక్కి మడిచినట్టు కనిపించే కీలు నిజానికి చీలమండ. అసలు మోకాలు ఇంకా పైన, ఈకల చాటున పొట్టకు ఆనుకుని ఉంటుంది. అంటే పొలుసులతో కనిపించే ఆ సన్నటి కాడంతా మన లెక్కలో పాదమే. కోడి పుట్టినప్పటి నుంచి మునివేళ్ల మీదే నడుస్తోందన్నమాట.

చికెన్ షాపులో కాలు ఎక్కడ నరికి పక్కన పడేస్తారో గుర్తు తెచ్చుకోండి. సరిగ్గా ఆ చీలమండ దగ్గరే. లెగ్ పీస్ అక్కడితో అయిపోతుంది, కింద కండ లేదు. కాళ్లు ఇష్టంగా వండుకునేవాళ్లకు కూడా దొరికేది చర్మం, నరాలు, ఎముక. దెబ్బ విషయంలో అసలు సంగతి ఇదే. మన పిక్క మీద అర సెంటీమీటరు లోతు గాటు పడితే కొవ్వు, కండ అడ్డుకుంటాయి. కోడి కాడ మీద అంతే గాటు పడితే నేరుగా ఎముకకు తగులుతుంది. అక్కడ రక్తప్రసరణ కూడా తక్కువే, అందుకే పుండు ఆలస్యంగా మానుతుంది. ఎముక విరిగితే పట్టి ఉంచే కండ లేక విరిగిన మొన చర్మాన్ని చీల్చుకుని సులువుగా బయటికొస్తుంది.

వాడుకలో నరం అనేస్తాం గానీ, వేళ్లను లాగే ఆ గట్టి తాళ్లు టెండన్లు. పైన లెగ్ పీస్‌లో ఉన్న కండ లాగితే కింద వేళ్లు ముడుచుకుంటాయి. కోడి కొమ్మ మీద కూర్చున్నప్పుడు కాలు మడత పడగానే వేళ్లు వాటంతటవే కొమ్మను పట్టేస్తాయి, నిద్రలోనూ జారిపడదు. గాయాన్ని అంచనా వేయడానికి వైద్యులు ఈ ఏర్పాటునే వాడుకుంటారు. కాలిని మెల్లగా మడిచినప్పుడు మూడు వేళ్లు ముడుచుకుని ఒకటి మాత్రం కర్రలా నిటారుగా ఉండిపోతే, ఆ వేలికి వెళ్లే తాడు తెగి ఉండొచ్చు. పైన కనిపించే గాటు చిన్నదే కావచ్చు. అది ఇంట్లో మానే గాయం మాత్రం కాదు.

సిమెంటు మీద రక్తం ఎక్కువగా కనిపిస్తుంది

గోరు ఊడినా, పుంజు కాలి వెనకున్న ముల్లు విరిగినా రక్తం బాగా కారుతుంది. తెల్లటి టైల్స్ మీద అది చూస్తే ఎవరికైనా టెన్షనే. ఒక లెక్క వేసుకుందాం. కోడి బరువులో సుమారు 7 శాతం రక్తం. 2 కిలోల పెట్టకు దాదాపు 140 మిల్లీలీటర్లు, ఇంచుమించు ఒక ఇరానీ చాయ్ కప్పు. ఆరోగ్యంగా ఉన్న పక్షి తన బరువులో 1 శాతం మేర రక్తం పోయినా తట్టుకుంటుంది. ఈ పెట్టకు అది 20 మిల్లీలీటర్లు, నాలుగు టీ స్పూన్లు. నాలుగు స్పూన్ల నీళ్లు నేల మీద పోసి చూస్తే ఎంత మేర పరుచుకుంటాయో తెలుస్తుంది. గోరు విరిగి చిందిన రక్తం చాలాసార్లు అంతకన్నా తక్కువే ఉంటుంది. శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు వదలకుండా అదిమి పడితే ఎక్కువ భాగం ఆగిపోతుంది. ఆగకుండా ధారగా కారుతుంటే మాత్రం ఆ నాలుగు స్పూన్లు అయిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

పట్టుకోవడంలోనే జరిగే ప్రమాదం ఒకటుంది. మన ఊపిరికి ఆధారమైన డయాఫ్రమ్ కోడికి లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి ఊపిరాడుతుంది. పారిపోతుందన్న కంగారులో రొమ్మును రెండు చేతులతో గట్టిగా బిగిస్తే, కాలి దెబ్బతో వచ్చిన కోడి ఊపిరాడక చచ్చిపోతుంది. రెక్కల మీదుగా టవల్ వదులుగా చుట్టి పట్టుకోమనేది ఇందుకే.

చీము కారదు, గడ్డకడుతుంది

మనకు పుండు పండితే చీము పట్టి, చితికి, కారిపోతుంది. ఇంట్లో అందరూ ఎదురుచూసేది ఆ ఘట్టం కోసమే. కోడికి అది రాదు. చీమును కరిగించి పలుచన చేసే ఒక ఎంజైమ్ మన తెల్లరక్తకణాల్లో ఉంటుంది, పక్షుల కణాల్లో లేదు. అందుకే కోడి పుండులో చీము జున్నుముక్కలాగా గట్టిపడి లోపలే కూర్చుంటుంది. రక్తం దాని లోపలికి చేరదు కాబట్టి యాంటీబయాటిక్ కూడా చేరదు. వారం రోజులు మందు వేసినా వాపు తగ్గలేదంటే మందు నకిలీదని కాదు, అది చేరాల్సిన చోటికి దారి లేదని.

ఈ ఒక్క తేడా తెలిస్తే బంబుల్‌ఫుట్ అనే జబ్బు చుట్టూ ఉన్న గొడవ సగం అర్థమవుతుంది. అరికాలి దిండులో చిన్న గాయం అవుతుంది. ఎక్కువగా స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా అందులో చేరుతుంది. పైన నల్లటి పక్కు, కింద గట్టి గడ్డ. చూడ్డానికి మన ఆనెకాయలాగే ఉంటుంది, తేడా ఏమిటంటే ఇది లోపల ఇన్‌ఫెక్షన్. మిద్దె మీద పెంచే కోళ్లకు ఇది రావడంలో వింతేమీ లేదు. గరుకు సిమెంటు నేల, నాలుగడుగుల పిట్టగోడ మీంచి రోజుకు పదిసార్లు దూకడం, కూర్చోవడానికి సన్నటి ఇనుప పైపు. దానికి తోడు ఒళ్లు బరువు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన వనరాజా లాంటి రకాలు మామూలు నాటుకోడి కన్నా బరువు తూగుతాయి. మట్టి పెరటి కోసం పుట్టిన కోడిని కాంక్రీటు మీద పెడితే భారమంతా ఆ అరికాలి దిండే మోస్తుంది.

దీనికి వైద్యం ఎలా అన్నదాంట్లో మూడు దారులున్నాయి. మొదటివాళ్లు గోరువెచ్చని నీళ్లలో కాలు నానబెట్టి, కింద మెత్తటి పరుపు వేసి, కట్టు కడితే చాలంటారు. పక్కు చిన్నదిగా ఉండి, వాపు లేకుండా, కోడి మామూలుగా నడుస్తున్న దశలో వాళ్ల మాట నిజమే, ఒత్తిడి తీసేస్తే చాలా పాదాలు మానతాయి. రెండోవాళ్లు ఇంట్లోనే బ్లేడుతో పక్కు లేపి లోపలి గింజ తీసేస్తారు. గట్టి చీము బయటికి రావాల్సిందే అన్న వాళ్ల తర్కం తప్పు కాదు. కానీ ఆ చీము ఎప్పుడూ ఒకే గింజగా ఉండదు, టెండన్ల మధ్య వేళ్లూనుకుని ఉంటుంది. ఎక్కడ చీము అయిపోయి ఎక్కడ టెండన్ మొదలైందో రక్తంలో తెలియడం కష్టం. మూడో దారి వైద్యుడి దగ్గర మత్తులో తీయించడం, అవసరమైతే ముందు ఎక్స్‌రే తీసి ఎముక దాకా పాకిందేమో చూడటం. దీనికి ఖర్చుంది, మత్తు తట్టుకోలేకపోయే ప్రమాదమూ ఉంది. పక్షులకు మేలైనదిగా చెప్పే గ్యాస్ మత్తు అన్ని క్లినిక్కుల్లో ఉండదు.

రెండో దారివాళ్లు తరచూ చెప్పే ఒక మాటను మాత్రం ఒప్పుకోవడం కష్టం. "కోస్తుంటే కదల్లేదు, దానికి నొప్పే లేదు" అంటారు. కోడిని వెల్లకిలా పడుకోబెట్టి కాసేపు పట్టుకుంటే బిగుసుకుపోయి కదలకుండా ఉండిపోతుంది. వేటాడే జంతువు నోట పడ్డప్పుడు పనికొచ్చే స్పందన అది. పేరు భయం, మత్తు కాదు.

చేతి తొడుగుల ప్రస్తావన కూడా ఇక్కడే రావాలి. అదే స్టెఫిలోకాకస్ మన చేతి గాటులోనూ చీము పట్టిస్తుంది.

దారం బిగిసిన వేలు: తీసేయాలా, రాలిపోనివ్వాలా

నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. నిషేధం కాగితం మీద ఉంది, తెగిన దారం మాత్రం ఏటా కేబుళ్ల మీదా డాబాల మీదా వేలాడుతూనే ఉంది. కోడి నేలను గీరుతుంటే అది వేలికి చుట్టుకుంటుంది. నైలాన్ కుళ్లదు, తెగదు. వేలు వాచేకొద్దీ దారం చర్మంలోకి దిగి కంటికి కనిపించకుండా పోతుంది. పొడవాటి తలవెంట్రుక, టైలరింగ్ ముక్కల్లోని దారం కూడా ఇదే పని చేస్తాయి. మాంజా ఇంకొంచెం వేగంగా చేస్తుంది, అంతే.

ఉదాహరణకు ఒక పెట్ట బయటి వేలికి దారం బిగిసి నాలుగు రోజులైందనుకుందాం. ఆ వేలిలో 5 ఎముకలుంటాయి (లోపలి వేలిలో 3, మధ్యదానిలో 4, వెనకదానిలో 2). రెండో ఎముక దగ్గర దారం ఉంది, అక్కడి నుంచి చివరిదాకా వాపు. వేలి కొన ఇంకా వెచ్చగా ఉండి, గిల్లితే కోడి కాలు లాక్కుంటే రక్తం అందుతోందనే అర్థం. దారం పూర్తిగా తీసేస్తే వేలు దక్కే అవకాశం ఉంది. కొన చల్లబడి, నల్లగా, ఎండిన మిరపకాయలా ముడుచుకుపోతే ఆ భాగం చచ్చిపోయినట్టే. దాన్ని ఏ ఆయింట్‌మెంటూ బతికించదు.

ఇక్కడ వైద్యుల్లోనే రెండు అభిప్రాయాలు. ఎండి, వాసన లేకుండా, బతికిన చర్మానికీ చచ్చినదానికీ మధ్య స్పష్టమైన గీత ఏర్పడితే అదే రాలిపోతుంది, మత్తు ప్రమాదం ఎందుకని కొందరు. రాలేదాకా రోజులు పడుతుంది, ఈలోగా ఇన్‌ఫెక్షన్ పైకి పాకితే వేలితో పోయేది కాలిదాకా వస్తుందని ఇంకొందరు. పొడి గాయంలో మొదటి మాటకు బలం ఉంది. తడిగా, వాసనతో ఉంటే రెండో మాటకే. ముఖ్యంగా మన ఎండల్లో తడి పుండు మీద ఈగ వాలిందంటే ఒకటి రెండు రోజుల్లో పురుగులు కనిపిస్తాయి. కట్టు కింద ఉంటే అవి కనిపించకపోవచ్చు కూడా.

ఒక ముందు వేలు పోయిన కోడి బతుకు పెద్దగా మారదు. నేల గీరుతుంది, గుడ్లు పెడుతుంది. వెనక వేలు పోతే కొమ్మ మీద పట్టు తగ్గుతుంది, కాబట్టి ఎత్తు తక్కువగా, వెడల్పుగా ఉన్న చెక్క కావాలి. కాలే పోతే లెక్క మారుతుంది. 2 కిలోల బరువు రెండు కాళ్ల మీద చెరో కిలో పడేది, ఇప్పుడు మొత్తం ఒకదాని మీదే. తేలికపాటి కోళ్లు నెట్టుకొచ్చేస్తాయి. బరువైనవాటికి కొన్నాళ్లకు మిగిలిన కాలికే బంబుల్‌ఫుట్ వస్తుంది.

విరిగిన ఎముకకు బద్దలు పనికొస్తాయా

పుత్తూరు కట్టు బోర్డులు చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి విరిగింది అనగానే వెదురు బద్దలే గుర్తొస్తాయి. పల్లెల్లో కోళ్లకు కట్టడమూ కొత్త కాదు. ఆ ఆలోచనలో బలం లేకపోలేదు. పక్షి ఎముక మనదానికన్నా త్వరగా అతుక్కుంటుంది, మామూలుగా రెండు మూడు వారాల్లో నిలదొక్కుకుంటుంది. చీలమండ కింద కాడ విరిగి, చర్మం చిరగకుండా, ముక్కలు వరుసలో ఉంటే బయటి కట్టుతోనే చాలా కోళ్లు నడుస్తాయి.

అదే కట్టు ఇంకో చోట పనిచేయదు. తొడ ఎముక ఈకల లోపల, శరీరానికి అతుక్కుని ఉంటుంది, బద్ద నిలవడానికి చోటే లేదు. చర్మం చీల్చుకుని ఎముక బయటికొచ్చినా, కీలు దగ్గర విరిగినా లోపల పిన్నుల అవసరం రావచ్చు. ఇక కట్టు బిగువు సంగతి. కండ లేని కాడ మీద బిగుతు కట్టు మాంజా చేసిన పనే చేస్తుంది. కట్టు కింద వేళ్లు చల్లబడ్డాయా, వాచాయా అని రోజూ చూడకపోతే, విరిగిన ఎముక అతుక్కునే లోపు బాగున్న వేళ్లు పోతాయి.

ఎలా విరిగిందన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే. గ్రిల్ తలుపులో కాలు పడి విరిగితే సరే. ఊరికే స్టూలు మీంచి దూకితే విరిగిందంటే, గిన్నెలో ఏం పెడుతున్నామో చూడాలి. ఒక గుడ్డు పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. మిగిలిన అన్నం, బియ్యపు నూకలతో అది రాదు. దాణాలో లేనిదాన్ని పెట్ట తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. నెలల తరబడి అలా గుడ్లు పెట్టిన పెట్ట కాలు విరిగితే, కట్టు ఒక్కటే వైద్యం కాదు.

పసుపు, సున్నం, సగం మాత్ర

పసుపులో సూక్ష్మజీవులను కొంత అడ్డుకునే గుణం ఉంది, ఇందులో అమ్మమ్మతో వాదించాల్సింది లేదు. చిక్కు పొడితోనే. లోతైన గాయంలో కూరిన పొడి గట్టిపడి మూత వేస్తుంది, లోపల ఏం జరుగుతోందో కనపడదు. సెలైన్‌తో కడిగితే గాయం కనిపిస్తుంది. బెటడిన్‌ను పలుచని టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి వాడమనడం కూడా, చిక్కటి మందు కొత్తగా పుడుతున్న చర్మాన్నే దెబ్బతీస్తుందని. బెణుకుకు వేసే సున్నం, పసుపు పట్టు సంగతి వేరు. తెరిచి ఉన్న పుండు మీద సున్నం కాలుస్తుంది.

మాత్రతో అసలు ప్రమాదం. 60 కిలోల మనిషికి 500 మిల్లీగ్రాముల మాత్ర అంటే కిలోకు సుమారు 8 మిల్లీగ్రాములు. అదే మాత్ర 2 కిలోల కోడికి వేస్తే కిలోకు 250, అంటే 30 రెట్లు. పావు ముక్క వేసినా ఏడు రెట్లకు పైనే. పైగా కొన్ని మందులకు పక్షి శరీరంలో దారే వేరు. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోవడంతో మన దేశం 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించింది. కోళ్లకూ అది విషమేనని పరీక్షల్లో తేలింది. మనం నడుముకు రాసుకునే చాలా జెల్లుల్లో ఉండేది అదే. కోడి కాలికి రాస్తే పది నిమిషాల్లో ముక్కుతో పొడుచుకుని లోపలికి పంపుతుంది. పక్షులకు నొప్పి తగ్గించడానికి వైద్యులు ఎక్కువగా వాడేది మెలాక్సికామ్, అదీ తూకం చూసి.

కుంటే ప్రతి కోడికీ దెబ్బ తగల్లేదు

చలి పొద్దున ఒంటికాలి మీద నిలబడి కునికిపాట్లు పడితే అది జబ్బు కాదు, కోడి నిద్రపోయే తీరు. గాయం ఎక్కడా లేకుండా ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కు చాచి పడిపోతే మారెక్స్ అనే వైరస్ జబ్బు గుర్తుకు రావాలి. మెడ తిరిగిపోవడం, కాళ్లు పడిపోవడం కొక్కెర తెగులు (రాణిఖేత్) అనే వైరస్ జబ్బులోనూ ఉంటాయి. పొలుసుల కాళ్ల మీద ఎర్రగా, ఊదాగా రక్తపు మచ్చలు కనిపించి, ఒకటి రెండు కోళ్లు హఠాత్తుగా చనిపోతే అది బర్డ్ ఫ్లూ లక్షణం కావచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలను వణికించింది ఆ జబ్బే. అలాంటి కోడిని ఒళ్లో పెట్టుకుని కట్టు కట్టకూడదు, పశువైద్య శాఖకు చెప్పాలి. ఇక పిల్లల కోసం ముర్గీ చౌక్‌లో కొన్న రంగుల పిల్ల ఒక్కోసారి బ్రాయిలర్ అవుతుంది. రెండు నెలలకు దాని బరువును దాని కాళ్లే మోయలేవు.

పిల్లి కాటును చిన్న గాయం కింద లెక్కేయకూడదు. రెండు సూది బెజ్జాల్లా కనిపిస్తుంది, కానీ పిల్లి నోట్లో ఉండే పాశ్చురెల్లా రక్తంలో చేరితే కోడి త్వరగానే పోతుంది. కుక్క కరిస్తే కోడికి రేబిస్ భయం దాదాపు లేదు, అది క్షీరదాల జబ్బు. విడిపించబోయి మనం కరిపించుకుంటే మాత్రం టీకా మనకే.

వైద్యమా, వంటా

"కోడినడిగి మసాలా నూరుతారా" అంటారు. ఇక్కడ మాత్రం ప్రశ్న కోడి వైపు నుంచే వస్తుంది. వేల కోళ్లున్న షెడ్డులో ఒకటి కుంటితే వేరుచేసి తీసేస్తారు. పౌల్ట్రీ వైద్యం మంద లెక్కలోనే పెరిగింది, ఒక్క కోడి కాలికి ఆపరేషన్ అనేది ఆ లెక్కలో లేదు. ఒక దవాఖానలో నవ్వి పంపేయడం, ఇంకోచోట ఎక్స్‌రే తీయడం జరిగేది ఇందుకే. నగరంలో నారాయణగూడ ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఉన్నాయి. ప్రైవేటులో పక్షులను చూసేవాళ్లు కొందరే, అందుకే ముందు ఫోన్‌లో "కోడిని చూస్తారా" అని అడగడం సిగ్గుపడాల్సిన విషయం కాదు.

పక్కింటాయన మాటకూ చట్టం అడ్డు రాదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం పెంపుడు ప్రాణికి అనవసర బాధ లేకుండా చూడటం యజమాని బాధ్యత అంటుంది, అనవసరంగా హింసించకపోతే ఆహారం కోసం కోయడం నేరం కాదనీ అంటుంది. చట్టం ఒప్పుకోనిది మూడోది: వైద్యమూ లేక, చావూ లేక మూలన వదిలేయడం. రెండు కాళ్లూ పనిచేయక, తిండి మానేసి, పుండు ఎముక దాకా వెళ్లిన కోడికి వైద్యుడి చేత నొప్పి లేకుండా ప్రాణం తీయించడం క్రూరత్వమని నేననుకోను. ఒక వేలు నల్లబడిన, దాణా చూస్తే పరుగెత్తే కోడి సంగతి అది కాదు.

యాంటీబయాటిక్ మొదలెట్టాక వంట ఆలోచన ఎలాగూ వాయిదా పడుతుంది. మందు అవశేషాలు మాంసంలోకీ గుడ్డులోకీ వస్తాయి. ఎన్ని రోజులు గుడ్లు పారేయాలన్నది మందును బట్టి మారుతుంది, రాసిచ్చిన వైద్యుడినే అడగాలి. ఈ రోజు పెట్టిన గుడ్డు పచ్చసొన అంతకుముందు చాలా రోజులుగా తయారవుతూ వచ్చింది కాబట్టి, మందు ఆపిన మర్నాటి గుడ్డు కూడా శుభ్రమైనదని అనుకోలేం.

కాలు మానాక ఇంకో తతంగం మిగిలి ఉంటుంది. మూడు వారాలు అట్టపెట్టెలో, గదిలో పెరిగిన పెట్టను ఒక్కసారిగా గంప కింద వదిలితే మిగతావి కొత్త కోడిని చూసినట్టు చూస్తాయి, ఎర్రగా కనిపించిన చోటల్లా పొడుస్తాయి. ఇంకా సరిగా మొలవని ఆ కాలి చర్మమే ముందు కనిపిస్తుంది. అందుకే అనుభవమున్నవాళ్లు దానికి వైద్యం చేసిన రోజుల్లోనే జాలీ అడ్డం పెట్టి మిగతావాటికి కనిపించేలా ఉంచుతారు. గూట్లోకి చేర్చేది కూడా చీకటి పడ్డాకే, అన్నీ కళ్లు మూసుకున్నాక.